దేశీ ఎరా, విదేశీ ఎరా? లింగాకర్షక బుట్టల్లో ఖర్చు ఎక్కడ, నష్టం ఎక్కడ?



పత్తి గూడ దశకు వచ్చిందంటే లింగాకర్షక బుట్టల గురించి ఫోన్లు మొదలవుతాయి. దుకాణంలో ఒక ఎర ఒక ధర, పక్కనే ఉన్న ఇంకో ఎర దానికి రెట్టింపు ధర. ఒకరు "ఇది ఫారిన్ మాలు, పక్కాగా పనిచేస్తుంది" అంటారు. ఇంకొకరు "ఇది మన దగ్గర తయారైందే, అదే సరుకు సగం ధరకు వస్తుంది" అంటారు. రైతు మాత్రం రెండు కవర్లు చేతిలో పట్టుకుని నాకు ఫోన్ చేసి "సారూ, ఏది తీసుకోమంటారు?" అని అడుగుతాడు.

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. ఎర ఎక్కడ తయారైతే ఖర్చు ఎంత పెరుగుతుందో, ఎంత తగ్గుతుందో తెలిస్తే మీ అంతట మీరే నిర్ణయించుకోగలరు. అందుకే ఈ వ్యాసంలో ఆ లెక్కను విడమరిచి చెబుతున్నాను. పత్తిలో గులాబీ రంగు పురుగును ఉదాహరణగా తీసుకుంటున్నాను. వరి, మొక్కజొన్న, వంగ, మామిడి రైతులకు కూడా ఇందులో చాలా విషయాలు పనికొస్తాయి.

ఎర చేసే పని ఏమిటి?

చేపను పట్టడానికి గాలానికి ఎర గుచ్చినట్టే, రెక్కల పురుగును పట్టడానికి బుట్టలో ఎర పెడతాం. తేడా ఏమిటంటే ఇది తిండి ఎర కాదు, వాసన ఎర. ఆడ రెక్కల పురుగు జత కోసం రాత్రిపూట ఒక వాసన వదులుతుంది. అదే వాసనను కర్మాగారంలో తయారు చేసి రబ్బరు బిళ్లలోనో, చిన్న ప్లాస్టిక్ గొట్టంలోనో ఎక్కిస్తారు. మగ పురుగు ఆడపురుగు ఉందనుకుని వచ్చి బుట్టలో పడుతుంది.

ఇలాంటి వాసన పదార్థాన్ని మొదటిసారి గుర్తించింది 1959లో, జర్మనీలో. అక్కడి శాస్త్రవేత్త అడాల్ఫ్ బూటెనాంట్ బృందం సుమారు 5 లక్షల ఆడ పట్టుపురుగుల నుంచి కొద్ది మిల్లీగ్రాముల పదార్థాన్ని మాత్రమే తీయగలిగింది. అందుకే ఈ వాసనను పురుగుల నుంచి తీయడం సాధ్యపడే పని కాదు. రసాయనంగా తయారు చేయాల్సిందే. ఆ తయారీ కష్టమైనది కాబట్టి చాలా కాలం విదేశాల మీదే ఆధారపడ్డాం.

గులాబీ రంగు పురుగు విషయంలో ఎర ఎందుకంత ముఖ్యమంటే, ఈ పురుగు గుడ్డు నుంచి బయటకు రాగానే పూతలోకో, లేత కాయలోకో దూరిపోతుంది. దూరిన రంధ్రం మూసుకుపోతుంది. కాయ పచ్చగా, చక్కగా కనిపిస్తుంది, లోపల పురుగు గింజను తింటూ ఉంటుంది. లోపలికి వెళ్లాక ఎంత మందు కొట్టినా దానికి తగలదు. రెక్కల పురుగు తిరిగే సమయంలోనే తెలుసుకోవాలి. అది చెప్పేది బుట్టే. బీటీ పత్తి వేశాం కదా అని నిశ్చింతగా ఉండే రోజులు పోయాయి. గులాబీ రంగు పురుగు బీటీ విషాన్ని తట్టుకునే శక్తిని తెచ్చుకుంది.

బుట్ట మూడు భాగాలు, మూడు చోట్ల తయారీ

మనం కొనేది ఒకే వస్తువులా కనిపించినా అందులో మూడు భాగాలున్నాయి.

1. వాసన రసాయనం. దీన్నే ఫెరోమోన్ అంటాం. అసలు విలువైన సరుకు ఇదే.
2. రసాయనాన్ని పట్టి ఉంచే బిళ్ల లేదా గొట్టం, దాన్ని చుట్టిన అల్యూమినియం రేకు కవరు. రసాయనం ఎక్కించిన ఈ బిళ్లనే మనం ఎర అంటున్నాం.
3. పురుగు పడే బుట్ట. అంటే ప్లాస్టిక్ మూత, గరాటు, కింద పాలిథీన్ సంచి.

బుట్ట, సంచి, బిళ్ల మన దేశంలోనే తయారవుతాయి. ప్లాస్టిక్ అచ్చులు పోసే చిన్న పరిశ్రమ ఎక్కడైనా చేయగలదు. రసాయనం మాత్రం చైనా, జపాన్, అమెరికా, ఐరోపా దేశాల నుంచి రావచ్చు, మన దేశంలోనూ తయారు కావచ్చు. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఫెరోమోన్ల తయారీ మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసింది. హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలో ఇప్పుడు ఈ రసాయనాల తయారీ పరిశ్రమ కూడా ఉంది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఎరలను, వాసనను నెమ్మదిగా వదిలే బిళ్లలను రూపొందించింది.

కాబట్టి కవరు మీద దేశీ అని ఉన్నా లోపలి రసాయనం పీపాల్లో విదేశం నుంచి వచ్చి, ఇక్కడ బిళ్లకు ఎక్కించినది కావచ్చు. అది మోసమేమీ కాదు, చాలామంది చేసేదే. అయితే "దేశీ", "విదేశీ" అనే మాటలు చూసి సరుకు నాణ్యతను అంచనా వేయకూడదని దీన్నిబట్టి తెలుస్తుంది.

విదేశం నుంచి వస్తే ఖర్చు ఎక్కడెక్కడ పడుతుంది?

విదేశీ కర్మాగారంలో ధర కొన్నిసార్లు మన దగ్గరకంటే తక్కువే ఉంటుంది. వాళ్లు పెద్ద మొత్తంలో, అనేక దేశాల కోసం తయారు చేస్తారు. ఒకేసారి ఎక్కువ చేస్తే ఒక్కో కిలోకు పడే ఖర్చు తగ్గుతుంది. ఏళ్ల తరబడి అదే పని చేస్తున్న చోట స్వచ్ఛత కూడా బాగుంటుంది. ఇవి విదేశీ సరుకుకు ఉన్న మేళ్లు.

అక్కడి ధర మీద ఇవన్నీ కలుస్తాయి:

• విమానం లేదా ఓడ రవాణా, బీమా. వేడికి పాడయ్యే సరుకు కాబట్టి చల్లగా తేవాలి, అది అదనపు ఖర్చు.
• కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, రేవులో సరుకు విడిపించే ఏజెంటు రుసుము.
• డాలరు ధర. డాలరు 80 రూపాయలున్నప్పుడు 1,000 డాలర్ల సరుకు 80,000 రూపాయలు. అదే డాలరు 88 అయితే 88,000. సరుకు మారలేదు, ధర 10 శాతం పెరిగింది.
• కనీస ఆర్డరు. కొద్దిగా కావాలంటే పంపరు. దిగుమతిదారు ఎక్కువగా తెప్పించి గోదాములో పెట్టుకోవాలి. దాని మీద వడ్డీ పడుతుంది.
• సమయం. మన పంటకాలానికి నెలల ముందే ఆర్డరు పెట్టాలి. ఆలస్యమైతే సరుకు పురుగు ఉద్ధృతి అయిపోయాక వస్తుంది. మిగిలింది వచ్చే ఏడాదికి పోతుంది.

ఈ చివరి రెండింటిని గుర్తు పెట్టుకోండి. డబ్బు కంటే ఇవే మనకు ఎక్కువ నష్టం చేస్తాయి. సరుకు ఎక్కువ కాలం దారిలో, గోదాముల్లో ఉంటే ఎర పాతబడుతుంది.

ఇంకో విషయం. ఒక దేశంలో బాగా పనిచేసిన వాసన మిశ్రమం ఇంకో దేశంలో అంతే బాగా పనిచేయాలని లేదు. మొక్కజొన్నలో కత్తెర పురుగు అమెరికా ఖండాల నుంచి 2016లో ఆఫ్రికాకు, 2018లో కర్ణాటక మీదుగా మన దేశానికి వచ్చింది. దాని ఎరల విషయంలో ప్రాంతాన్నిబట్టి ఏ మిశ్రమానికి ఎన్ని పురుగులు పడతాయన్నది మారుతుందని పరిశోధనల్లో తేలింది. అందుకే "అమెరికాలో బాగా అమ్ముడుపోయే ఎర" అన్న మాట విని కొనకండి. మన ప్రాంతంలో, మన పంటలో పరీక్షించారా అని అడగండి.

ఇక్కడ తయారైతే ఖర్చు ఎక్కడ తగ్గుతుంది, ఎక్కడ పెరుగుతుంది?

తగ్గేవి: సుంకం, దూర రవాణా, డాలరు భారం, ఎక్కువ సరుకు నిల్వ పెట్టే ఖర్చు. పంటకాలాన్నిబట్టి కొద్దికొద్దిగా తాజాగా తయారు చేయవచ్చు. పనిచేయకపోతే ఫోన్ చేసి అడగవచ్చు, ఎరను తిరిగి పంపించవచ్చు, అవసరమైతే కంపెనీ మనిషిని పొలానికి పిలిపించవచ్చు.

పెరిగేవి: తక్కువ మొత్తంలో తయారు చేస్తే కిలోకు పడే ఖర్చు ఎక్కువ. రసాయనం తయారీకి కావాల్సిన ముడి పదార్థాలు కొన్ని మళ్లీ విదేశం నుంచే రావాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది నాణ్యత పరీక్ష. గులాబీ రంగు పురుగు ఎరలో దాదాపు ఒకేలా ఉండే రెండు రసాయనాలు సుమారు సగం సగం కలవాలి. పొగాకు లద్దె పురుగు ఎరలో కలిసే పాళ్లు వేరు. ఆ పాళ్లు తప్పితే మగ పురుగు దగ్గరికి రాదు. ఈ పాళ్లను కంటితో గానీ, వాసన చూసి గానీ చెప్పలేం. యంత్రంతో పరీక్షించాలి. ఆ యంత్రం, దాన్ని నడిపే మనిషి ఖర్చుతో కూడుకున్నవే. ధర తగ్గించాలనుకునే వాడు మొదట కత్తిరించేది ఈ పరీక్షనే.

కాబట్టి మంచి దేశీ తయారీ ఉంది, నాసి దేశీ తయారీ ఉంది. విదేశీ సరుకులోనూ అంతే.

ఒక్క ఎరలో రసాయనం ఖర్చు ఎంత?

ఇక్కడ ఒక చిన్న లెక్క చూద్దాం. ధరలు లెక్క అర్థం కావడానికి నేను అనుకున్నవే, మీ దగ్గర వేరుగా ఉంటాయి.

ఒక ఎరలో 2 మిల్లీగ్రాముల రసాయనం ఉందనుకుందాం. ఒక కిలోతో 5 లక్షల ఎరలు తయారవుతాయి. కిలో రసాయనం ఇక్కడ లక్ష రూపాయలు, దిగుమతి అయితే లక్షన్నర అనుకుందాం. ఒక్కో ఎరకు రసాయనం ఖర్చు దేశీ అయితే 20 పైసలు, విదేశీ అయితే 30 పైసలు. తేడా 10 పైసలే.

అంటే రసాయనం విదేశం నుంచి వచ్చినంత మాత్రాన ఎర ధర రెట్టింపు కావాల్సిన పని లేదు. మిగతా ధరంతా బిళ్ల, కవరు, కూలి, పరీక్ష, రవాణా, డీలరు లాభం, పేరు. ఒక ఎర మరీ చవకగా వస్తోందంటే రసాయనం చవకగా దొరికిందని కాదు. రసాయనం పరిమాణం తగ్గించారో, పరీక్ష మానేశారో, పాత సరుకును వదిలించుకుంటున్నారో చూడాలి. మరీ ఖరీదుగా ఉందంటే విదేశీ పేరుకు ఎక్కువ కడుతున్నామేమో చూడాలి.

మీ పొలంలో లెక్క

మూడు ఎకరాల పత్తి రైతును తీసుకుందాం. పురుగు ఉనికి తెలుసుకోవడానికి ఎకరాకు 2 బుట్టలు చాలు. మూడు ఎకరాలకు 6 బుట్టలు. ఎరను నెలకోసారి మార్చాలి. నాలుగు నెలలకు 24 ఎరలు.

చవక ఎర 15 రూపాయలు అనుకుంటే 360 రూపాయలు. మంచి ఎర 30 రూపాయలు అనుకుంటే 720 రూపాయలు. తేడా మూడు ఎకరాలకు 360 రూపాయలు, ఎకరాకు 120.

2025-26లో పొడవు పింజ పత్తి కనీస మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే కిలోకు 81 రూపాయలు. ఎకరాకు 120 రూపాయల తేడా అంటే కిలోన్నర పత్తి. పనిచేయని ఎర వల్ల పురుగును వారం ఆలస్యంగా గమనిస్తే పోయేది కిలోన్నరతో ఆగదు. ఎకరాకు ఒక్క క్వింటాలు పోయినా 8,110 రూపాయలు. గుడ్డిపత్తి, రంగు మారిన పత్తికి మార్కెట్లో తగ్గే ధర దీనికి అదనం.

ఎక్కువ పురుగులను పట్టి తగ్గించాలని ఎకరాకు 8 బుట్టలు పెట్టే రైతుకు లెక్క మారుతుంది. మూడు ఎకరాలకు 24 బుట్టలు, నాలుగు నెలలకు 96 ఎరలు. అప్పుడు 15 రూపాయల తేడా 1,440 రూపాయలవుతుంది. అక్కడ ధర గురించి బేరమాడటంలో అర్థముంది. పదిమంది రైతులు కలిసి ఒకేసారి కొంటే ధర తగ్గుతుంది, సరుకూ తాజాగా వస్తుంది.

నేను చేసిన పొరపాటు

ఈ ఉద్యోగంలో తొలినాళ్ల మాట. మండలంలో రైతులకు ఇవ్వడానికి ఎరలు వచ్చాయి. పత్తి వేయడానికి ఇంకా సమయం ఉందని వాటిని రేకుల షెడ్డులో పెట్టించాను. ఎండాకాలమంతా అక్కడే ఉన్నాయి. కవర్లు చూడటానికి కొత్తగానే ఉన్నాయి కాబట్టి పంటకాలంలో పంచాను. ఊళ్లో తిరిగి బుట్టలు చూశాను. ఒకటీ అరా తప్ప పురుగులు లేవు. "ఈ ఏడు గులాబీ పురుగు తక్కువే ఉంది, మందు అవసరం లేదు" అని చెప్పాను. నా మాట మీద చాలామంది ఊరుకున్నారు.

కొన్ని వారాల తర్వాత ఒక పెద్దాయన నన్ను పొలంలోకి తీసుకెళ్లి ఏమీ మాట్లాడకుండా పది కాయలు కోసి నా చేతిలో పెట్టాడు. చీల్చి చూస్తే ఆరింటిలో పురుగు. "బుట్ట ఖాళీగనే ఉన్నది సారూ, కాయల నిండ పురుగులే ఉన్నయ్" అన్నాడు. నాకు తలెత్తి చూడటానికి మొహం చెల్లలేదు.

ఆ తర్వాత అందరూ ఎర ఏ కంపెనీది, ఏ దేశానిది అని అడిగారు. నేను అడగాల్సినది మాత్రం వేరే ఉంది. అది ఎప్పుడు తయారైంది, ఇన్నాళ్లు ఎక్కడ ఉంది అని అడగాలి. రేకుల షెడ్డు వేడికి దేశీ ఎర అయినా, విదేశీ ఎర అయినా ఒకేలా పాడవుతుంది.

దీనిలో ఉన్న ప్రమాదం గమనించండి. మందు పనిచేయకపోతే పురుగు కళ్ల ముందు కనిపిస్తుంది, వెంటనే తెలుస్తుంది. ఎర పనిచేయకపోతే బుట్ట ఖాళీగా ఉంటుంది. ఖాళీ బుట్ట చూసి పురుగు లేదని మనం సంతోషిస్తాం. అందుకే నాసి ఎర కంటే అసలు ఎర లేకపోవడమే నయం. ఎర లేని రైతు కనీసం కాయలు చీల్చి చూస్తాడు.

దేశీ తయారీ నిజంగా లాభం చేసేది ఎక్కడ?

గులాబీ రంగు పురుగుకు ఇంకో పద్ధతి ఉంది. పొలమంతా అదే వాసన నింపితే మగ పురుగుకు ఆడపురుగు ఎక్కడుందో తెలియక తికమకపడుతుంది. జత కలవదు, గుడ్లు పడవు. దీనికి మొక్కలకు కట్టే తాళ్లు, మొక్కల మీద చుక్కలుగా పెట్టే మైనం లాంటి పేస్టు వస్తున్నాయి.

బుట్ట ఎరలో రసాయనం మిల్లీగ్రాముల్లో ఉంటే, ఈ పద్ధతిలో ఎకరాకు గ్రాముల్లో కావాలి. ఎకరాకు 30 గ్రాములు అనుకుందాం. పైన అనుకున్న ధరల ప్రకారమే, కిలో లక్ష అయితే ఎకరాకు రసాయనం ఖర్చు 3,000 రూపాయలు. కిలో లక్షన్నర అయితే 4,500. బుట్ట ఎరలో 10 పైసలున్న తేడా ఇక్కడ ఎకరాకు 1,500 రూపాయలైంది.

అందుకే ఈ రసాయనాలు మన దగ్గర, మంచి నాణ్యతతో, పెద్ద మొత్తంలో తయారైతే చిన్న రైతుకు అసలు మేలు ఈ పద్ధతిలో కనిపిస్తుంది. బుట్టలకు ఇప్పటికే ఖర్చు తక్కువ. జత కలవకుండా చేసే పద్ధతి చిన్న రైతుకు అందాలంటే కిలో ధర తగ్గాలి.

ఒక జాగ్రత్త. ఈ పద్ధతి ఒక్క ఎకరంలో, ఒంటరిగా చేస్తే డబ్బు దండగ. పక్క పొలంలో జత కలిసిన ఆడపురుగు ఎగిరి వచ్చి మీ పొలంలో గుడ్లు పెడుతుంది. పక్కపక్కనే ఉన్న రైతులంతా కలిసి ఒకే బ్లాకుగా, పూత మొదలయ్యే సమయంలోనే చేయాలి.

ఎర కొనేటప్పుడు అడగాల్సినవి

1. ఏ పురుగుకు? ఒక్కో పురుగుకు ఒక్కో ఎర. పచ్చపురుగు ఎరకు గులాబీ రంగు పురుగు రాదు. కవరు మీద పురుగు పేరు ఉండాలి.
2. ఎప్పుడు తయారైంది, ఎప్పటిలోగా వాడాలి? తేదీ లేని కవరు కొనకండి.
3. బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా ఉన్నాయా? దిగుమతి సరుకు అయితే ఏ దేశంలో తయారైంది, దిగుమతి చేసుకున్నది ఎవరు అన్న వివరాలు కవరు మీద ఉండాలి. ప్యాక్ చేసిన వస్తువుల నిబంధనల ప్రకారం అవి తప్పనిసరి.
4. పొలంలో ఎన్ని రోజులు పనిచేస్తుంది? 30 రోజులా, ఎక్కువా? ఎక్కువ రోజులు పనిచేసే ఎర ఖరీదైనా రోజుకు పడే ఖర్చు తక్కువ కావచ్చు. 30 రోజుల ఎర 20 రూపాయలు, 60 రోజుల ఎర 35 రూపాయలు అయితే రెండోదే చవక.
5. దుకాణంలో ఎక్కడ పెట్టారు? ఎండ తగిలే అద్దాల బీరువాలో, మందు డబ్బాల పక్కన ఉన్నది వద్దు. ఫ్రిజ్‌లో పెట్టినది అడగండి.
6. బిల్లు. బిల్లు లేకుండా కొంటే రేపు ఎవరినీ అడగలేం.

ఎర పనిచేస్తోందో లేదో మీరే పరీక్షించండి

రెండు రకాల ఎరల్లో ఏది మంచిదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఒకేలాంటి రెండు బుట్టలు తీసుకోండి. ఒకదానిలో ఒక రకం ఎర, ఇంకోదానిలో రెండో రకం పెట్టి సుమారు 50 మీటర్ల దూరంలో కట్టండి. రోజూ ఉదయం పడిన పురుగులను లెక్కపెట్టి రాసి, సంచి ఖాళీ చేయండి. నాలుగు రోజుల తర్వాత బుట్టల చోట్లు మార్చండి. గట్టు పక్కన, గాలి వాటున ఉన్న బుట్టకు ఎక్కువ పడతాయి కాబట్టి చోటు మార్చడం తప్పనిసరి. ఇంకో నాలుగు రోజులు లెక్కపెట్టండి. మొత్తం కలిపి చూస్తే ఏ ఎర మంచిదో తేలిపోతుంది. ఊళ్లో నలుగురు రైతులు ఇలా చేసి లెక్కలు పోల్చుకుంటే ఇంకా మంచిది.

బుట్ట ఖాళీగా ఉన్నా వారానికోసారి పొలంలో చూడాల్సినవి రెండు. మొదటిది గుడ్డి పూలు. రేకులు విచ్చుకోకుండా ముడుచుకున్న పూలు నూటికి 10 ఉంటే పురుగు నష్టపరిచే స్థాయికి చేరినట్టు. రెండోది కాయలు. ఎకరాకు 20 పచ్చికాయలు అక్కడక్కడా కోసి చీల్చండి. 2 కాయల్లో పురుగు ఉంటే అదే హెచ్చరిక. బుట్టలో అయితే వరుసగా మూడు రోజులు రోజుకు 8 రెక్కల పురుగులు పడితే చర్య తీసుకోవాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా మీ మండల వ్యవసాయ అధికారిని గానీ, విస్తరణ అధికారిని గానీ అడిగి మందు ఎంచుకోండి.

వాడకంలో జాగ్రత్తలు

• విత్తిన 45 రోజులకు బుట్టలు కట్టండి. బుట్ట పైరు కంటే ఒక అడుగు ఎత్తులో ఉండాలి. పైరు పెరిగేకొద్దీ బుట్టను పైకి జరపాలి.
• ఎరను వట్టి చేత్తో పట్టుకోకండి. చేతికి మందు, పొగాకు, సబ్బు వాసన ఉంటే ఎర చెడిపోతుంది. కవరు తిరగేసి గానీ, శుభ్రమైన పాలిథీన్ సంచి చేతికి తొడుక్కుని గానీ బిగించండి.
• రెండు పురుగుల ఎరలు ఒకే బుట్టలో పెట్టకండి.
• కవరు చించిన ఎరను వెంటనే వాడాలి. చించనివి ఫ్రిజ్‌లో, గాలి చొరని డబ్బాలో, పిల్లలకు అందకుండా, తినే పదార్థాలకు వేరుగా పెట్టండి. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే నెలకు సరిపడా మాత్రమే కొనండి.
• ఎర మార్చిన తేదీని బుట్ట మీద పెన్నుతో రాయండి.
• పాత ఎరను పొలంలో పారేయకండి. దాని వాసన ఇంకా కొంత ఉంటుంది, మగ పురుగు బుట్ట వదిలి అటు వెళ్తుంది. దూరంగా పాతిపెట్టండి.
• బుట్టను కడిగి దాచుకుంటే రెండు మూడు పంటలకు వస్తుంది. ప్రతి ఏడూ కొత్త బుట్ట కొననక్కర్లేదు, ఎర మాత్రం కొత్తది కావాలి.

ఇంట్లో చేసుకోగలిగేది, చేసుకోలేనిది

బుట్టను ఇంట్లో చేసుకోవచ్చు. ఖాళీ ప్లాస్టిక్ డబ్బాకు పక్కల రంధ్రాలు చేసి, లోపల ఎర వేలాడదీసి, అడుగున సబ్బు నీళ్లు పోస్తే చాలా పురుగులకు సరిపోతుంది. టమాటలో ఆకును, కాయను తొలిచే చిన్న రెక్కల పురుగుకు నీళ్ల పళ్లెం మీద ఎర వేలాడదీయడం బాగా పనిచేస్తుంది.

మామిడి, జామ తోటల్లో పండు ఈగకు వాడే మిథైల్ యూజినాల్ తయారీ కూడా కొంతవరకు మన చేతిలోనే ఉంది. దాన్ని కొనుక్కుని చిన్న చెక్క ముక్కలకు పట్టించుకోవచ్చు. ఆల్కహాల్ 6 పాళ్లు, మిథైల్ యూజినాల్ 4 పాళ్లు, మలాథియాన్ 1 పాలు కలిపిన ద్రావణంలో చెక్క ముక్కలను రెండు రోజులు నానబెట్టి డబ్బాల్లో వేలాడదీస్తారు. చేతులకు తొడుగులు వేసుకోవాలి, నిప్పుకు దూరంగా కలపాలి. తులసి ఆకులో కూడా ఈ పదార్థం ఉంటుంది కాబట్టే నలిపిన తులసికి పండు ఈగలు వస్తాయి. బీర, కాకర లాంటి తీగజాతి కూరగాయల్లో వచ్చే ఈగకు మాత్రం దీనితో పని జరగదు. దానికి క్యూ ల్యూర్ అనే వేరే ఎర కావాలి.

గులాబీ రంగు పురుగు, వరి కాండం తొలిచే పురుగు, వంగ కాయ తొలిచే పురుగు, కత్తెర పురుగుల ఎరలను మాత్రం ఇంట్లో చేసుకోలేం. వాటిని కొనాల్సిందే. అందుకే కొనేచోట జాగ్రత్త కావాలి.

చివరగా

"దేశీదా, విదేశీదా?" అని ఎవరైనా అడిగితే నేను ఇప్పుడు చెప్పే మాట ఇది. రెండూ మంచివే అయితే మన దగ్గర తయారైనదే తీసుకోండి. తాజాగా వస్తుంది, పనిచేయకపోతే అడగడానికి మనిషి దొరుకుతాడు, డాలరుతో పని లేదు. రెండింటిలో ఒకటి పాతదైతే దేశం పేరు చూడకుండా పక్కన పెట్టండి. తేదీ, బ్యాచ్, బిల్లు ఉన్న ఎరను కొని, నెలకోసారి మార్చి, వారానికోసారి కాయ చీల్చి చూడండి.

ఈసారి బుట్టలు కట్టేటప్పుడు ఒక చిన్న నోటుపుస్తకం కూడా పెట్టుకోండి. ఏ ఎర, ఏ తేదీన పెట్టాను, రోజుకు ఎన్ని పురుగులు పడ్డాయి అని రాయండి. ఆ పుస్తకం తీసుకుని మీ విస్తరణ అధికారి దగ్గరికి వెళ్తే, ఆయన కూడా నాలాగా ఖాళీ బుట్ట చూసి మాట చెప్పే పొరపాటు చేయకుండా ఉంటాడు.